అంగుస్తానులో పాలు

ఒసేర్, అక్టోబరు 9, 1843

అక్కా,

నాలుగు ఉత్తరాలకు ఒక్క జవాబూ లేదని అలిగావట. అలిగితే అలిగావు గానీ ముందు నా గోడు విను. నీ చెల్లెలి ఇంట్లో సిరాబుడ్డికి తాళం పడింది.

వేళాకోళం కాదు. మీ మరిది సిరాబుడ్డిని పంచదారతో పాటు అలమరలో పెట్టి తాళం వేసి, ఆ చెవిని గడియారం గొలుసుకు తగిలించుకుని బట్టల కొట్టుకు వెళ్తున్నాడు. అంతటితో ఊరుకోలేదు. సిరా ఎంతవరకు ఉందో సరిగ్గా అక్కడ బుడ్డి చుట్టూ ఎర్రదారం కట్టాడు. సాయంత్రం వచ్చి బుడ్డిని కిటికీ వెలుతురుకెత్తి చూస్తాడు. తాళం వేసినదానికి దారమెందుకని నన్నడక్కు, ఆయన్నే అడుగు.

"ఆడదానికి రాతెందుకు జెలీ? జాము సీసాల మీద పేర్లు రాసేపాటి వస్తే చాలదూ?" అంటాడు.

"ఆ పేర్లకైనా సిరా కావాలి కదండీ."

"బొగ్గుతో రాయి."

ఇంతకీ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఎలోదీకి చదువుకోవడానికి చిన్న చిన్న కథలు రాసిపెడుతున్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు ప్రార్థన పుస్తకం తప్ప ఇంట్లో మరొకటి లేదు, ఏం చదువుకుంటుంది? ఒక పెద్దబాతు ఊరికి మేయరయిన కథ ఒకటి ఆయన కంటపడింది. చివరిదాకా చదివి, "ఈ బాతు నేనేనా?" అన్నాడు. కాదండీ అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ సాయంత్రమే తాళం వచ్చింది.

మరి ఈ ఉత్తరం ఎలా రాస్తున్నావంటావేమో. మన పిల్ల ఎలోదీ దొంగతనం నేర్చిందమ్మా, నవ్వకు. బడిలో సిరా పోస్తారు కదా, కుట్టుపనికి వేలికి తొడుక్కునే నా అంగుస్తానులో దాన్ని నింపుకుని తెస్తుంది. రెండు చేతులతో పట్టుకుని, నాలుక బయటపెట్టి, అడుగులో అడుగేసుకుంటూ వంతెన మీదుగా ఇంటికి వస్తుంది. దారిలో ఎవరు పలకరించినా పలకదు. ఒక అంగుస్తానుకు ఒక పేజీ. అందుకే ఆలస్యం.

దీనితో ఒక గుడ్డముక్క పెడుతున్నాను, చూడు. నా గౌనుది. ముదురు గోధుమరంగు వేయమని ఇస్తే అద్దకంవాడు తగలేసిన తాను ఇది. ఊళ్లో దీన్ని బాతు రెట్ట రంగు అంటున్నారు, అందులో అబద్ధమేమీ లేదు. ఒక్క గజం అమ్ముడుపోలేదు. "పారేస్తామా? నువ్వు వేసుకో" అన్నాడు. మూడేళ్లుగా వేసుకుంటున్నాను. ఇంకా తానులో సగం మిగిలే ఉంది. దీనికి సరిపోయే దారం ఒసేర్‌లో దొరకదు, పారిస్‌లో ఏమైనా దొరుకుతుందేమో చూడు.

నీ జెలీ

*

పారిస్, నవంబరు 2

జెలీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. మీ బావ పోయాక నేనింతగా నవ్వడం ఇదే మొదటిసారి. అలకా లేదు, గిలకా లేదు. దారం దొరకలేదు, ఆ రంగు మనుషులెవరూ కొనరన్నారు.

నా పని నీకు తెలుసుగా. అచ్చయి వచ్చిన బొమ్మలకు చేత్తో రంగులు పూయడం. ఆడవాళ్లం బారుగా కూచుంటాం. ఒకామె బుగ్గలు వేసి పక్కకు తోస్తుంది, రోజ్ అనే ఆవిడ ఆకాశాలూ గోడలూ వేస్తుంది, గౌన్లు నావి. చేతులకే గానీ నోళ్లకు పని ఉండదు కదా, నీ ఉత్తరం చదివి వినిపించాను. ఎర్రదారం దగ్గరికి వచ్చేసరికి రోజ్ కుంచె కింద పడేసి మరీ నవ్వింది. "మా ఆయన బ్రెడ్డు మీద గీత గీసి పోతాడు. వాడికంటే మీ మరిదే నయం, దారమైతే కోసెయ్యొచ్చు" అంది.

అదే సమయానికి బొమ్మలు గీసే లెస్పార్ వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. మొగుడూ పెళ్లాల మీద ఆయన బొమ్మల వరస ఒకటి పత్రికలో వస్తోంది. ఇప్పటిదాకా అందులో చీవాట్లన్నీ ఆడవాళ్లకే. పెళ్లాం చదివితే తప్పు, సభకు పోతే తప్పు, చుట్ట కాలిస్తే తప్పు. "ఈసారి మొగుళ్ల వంతు వెయ్యండి బాబూ" అన్నాను. "మీ చెల్లెలి కథ నాకివ్వండి" అన్నాడు. ఇచ్చేశాను.

నిన్న అచ్చుకు వాడే రాతిపలక మీద గీయడం అయిపోయి, నమూనాకని ఒక కాగితం నా చేతికి వచ్చింది. భలే ఉంది జెలీ. బల్ల దగ్గర కలం పట్టుకుని నువ్వు. పక్కన ఖాళీ సిరాబుడ్డి ఎత్తి చూస్తూ, బొజ్జా టోపీతో మీ ఆయన. బుడ్డికి దారం కూడా ఉంది. బల్ల కింద ఎలోదీ, చేతిలో అంగుస్తాను. కింద మాటలు ఇంకా పడలేదు, అవి లెస్పార్ రాయడు. పత్రికలో వేరే ఒకాయన కాఫీ హోటల్లో కూచుని రాసి పంపుతాడు, చివర్లో అతికిస్తారు. మేం రంగులు వేసేటప్పటికి ఎప్పుడూ బొమ్మ మూగదే.

ముఖం నీ పోలిక కాదు, ముక్కు మరీ పొడుగు. ఆయన నిన్నెప్పుడు చూశాడు గనక. నువ్వు అందులో లేకపోతే నాకు మనసొప్పలేదు. నువ్వు పంపిన గుడ్డముక్క పక్కన పెట్టుకుని, పసుపులో నీలం చుక్క వేసి, కాస్త కాఫీరంగు కలిపి, అచ్చం నీ గౌను రంగే దింపాను. నమూనా ఎలా ఉంటే మిగతావన్నీ అలాగే వేయాలి. కాబట్టి ఊరూరా వెళ్లే ప్రతి కాగితంలోనూ నువ్వే.

మరిదిగారు ఇక పారిస్ కిటికీలన్నిటిలోనూ వేలాడతాడు. ఎలోదీకి ముద్దులు.

నీ అక్క ఒనొరిన్

*

ఒసేర్, నవంబరు 28

అక్కా,

మీ లెస్పార్ చేతులు చల్లగుండాలి. నీ ఉత్తరం ఎలోదీకి మెల్లిగా చదివి చెప్పాను. "నేను బొమ్మలో ఉన్నానా అమ్మా? నా జడలున్నాయా?" అని రోజంతా అదే గొడవ.

కానీ నవ్వు ఆగాక గుండెలో రాయి పడింది. నీకు ఇదివరకే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. బెంగ పెట్టుకుంటావని దాచాను. ఈ వేసవి నుంచీ ఆయన ఎలోదీని అవలోన్ దగ్గర సిస్టర్ల మఠంలో వేస్తానంటున్నాడు. అక్కడ వేస్తే పెళ్లి కుదిరేదాకా ఇంటికి రారు పిల్లలు, ఏడాదికి నాలుగు రోజులు తప్ప. నా దగ్గరుంటే పాడవుతుందట. ఏడ్చాను, బతిమాలాను. చివరికి ఒక మాట ఇచ్చాడు. "ఊళ్లో నీ గురించి ఒక్క మాట నా చెవిన పడకుండా ఉన్నంతకాలం పిల్ల ఇంట్లోనే ఉంటుంది. పడిన రోజున ఈస్టరుకు పంపేస్తాను" అన్నాడు. ఆయన చెడ్డవాడు గానీ మాట తప్పడు, అది నేను ఒప్పుకోవాలి.

అందుకని అడుగుతున్నాను. ఆ బొమ్మ ఒసేర్ దాకా రాదు కదా? వచ్చినా, నవ్వితే ఆయన్ని చూసే నవ్వుతారు, నన్ను చూసి కాదు కదా? కింద మాటలు ఏం పడ్డాయో వెంటనే రాయి.

జెలీ

*

పారిస్, జనవరి 3, 1844

జెలీ,

కొత్త సంవత్సరం నీకూ ఎలోదీకీ మేలు చెయ్యాలి. ఇక్కడ చలికి నీళ్ల గిన్నెల్లో రంగులు గడ్డకడుతున్నాయి. ఎలోదీకి పాకం పట్టిన చెస్ట్‌నట్లు పంపాను, అందాయా? రోజ్‌కు మళ్లీ నెల తప్పింది.

ఆ బొమ్మ గురించి అడిగావు. మాటలు పడ్డాయి. ఏవో మామూలు మాటలే, నాకు సరిగ్గా గుర్తు లేదు. అలాంటివి వారానికొకటి వస్తాయి, వారం తిరక్కుండా జనం మరిచిపోతారు. నువ్వు దాని మాట ఎత్తకు. చలిగా ఉంది కదా, ఆ గౌను తీసేసి ఉన్నిది ఏదైనా వేసుకో. నిజంగా చెబుతున్నాను, ఆ గౌను ఇక వేసుకోకు.

అక్క

*

ఒసేర్, జనవరి 29

ఒనొరిన్ అక్కకు,

గుర్తు లేదన్నావు కదా, నేను గుర్తు చేస్తాను. బొమ్మ కింద ఇలా ఉంది.

మొగుడు: "ఏమేవ్, పిల్ల పాలకేడుస్తోంది."

పెళ్లాం: "ఏడవనీ. నేనిక్కడ స్త్రీజాతిని ఉద్ధరిస్తున్నాను. నువ్వు పోయి ముందా సిరా నింపుకురా."

గుడ్లకని బజారుకు వెళ్లాను. పుస్తకాల కొట్టు కొర్న్యూ గారి కిటికీ ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు, నా ముఖం కాదు చూసింది, గౌను. కిటికీలో చూశాను. ఆ ముక్కు నాది కాదు, ఆ చింపిరి జుట్టు నాది కాదు. గౌను నాది. మామూలు నీలమో ఎరుపో వేసి ఉంటే ఆ బొమ్మ ఎవరిదైనా కావచ్చు అక్కా. ఒసేర్‌లో అందరూ చూసి నవ్వుకుని, ఎవరి పెళ్లాన్ని వాళ్లు ఆటపట్టించుకుని పోయేవాళ్లు. ఈ రంగు లోకంలో ఒక్క తాను మీదే ఉంది.

గుడ్లు కొనకుండానే వచ్చేశాను. ఆయన అప్పటికే ఆ కాగితం చుట్టచుట్టి ఇంటికి తెచ్చాడు. ఇల్లు విరిగి మీద పడుతుందనుకున్నాను. ఆయన బల్ల మీద పరిచి, కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో గౌను మీద రాసి, "మన సరుకే" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకు అదే భయమేసింది.

తర్వాత ఎలోదీని పిలిచాడు. "నీ చేతిలో ఈ అంగుస్తానేమిటే?" అన్నాడు.

పిల్ల ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. సిరా అంటే నేను దొరికిపోతాను. దానికి తెలుసు. బొమ్మ కింద మాటలు చదువుకుంది కూడానూ, చదువు నేర్పింది నేనేగా. "పాలు, నాన్నా" అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో పాలకు ఏనాడూ కొదవ లేదని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా నమ్మాడు అక్కా. నిజంగా నమ్మాడు. ఇన్నాళ్లూ ఆయన దగ్గర కోపం ఒక్కటే ఉండేది, ఇప్పుడు తన మీద తనకు జాలి కూడా దొరికింది. ఆదివారం చర్చి దగ్గర మగవాళ్లు వరసగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు, ఎవరో పోయినట్టు. "పిల్లే చెప్పింది, నా నోటితో నేననలేదు" అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

బొమ్మకు అద్దం కట్టించి భోజనాల గదిలో నా కుర్చీకి ఎదురుగా తగిలించాడు. మాట మాటే అన్నాడు. ఈస్టరుకు ఎలోదీ వెళ్లిపోతుంది.

ఆ రంగు ఎందుకు వేశావని నేను నిన్ను అడగడం లేదు. అంత పొందికగా కలపడం మన అమ్మ నీకొక్కదానికే నేర్పింది.

జెలీ

*

పారిస్, ఫిబ్రవరి 3

జెలీ, నా తల్లీ,

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. మాటలు లేని కాగితం చూశాను. మొగుడు బుడ్డి ఎత్తి చూస్తున్నాడు, సిరా కొలుస్తున్నాడనుకున్నాను, కథ నాదే కదా. అదే చెయ్యి, అదే బుడ్డి, కింద రెండు వాక్యాలు పడేసరికి పాపం పెళ్లాం కోసం సిరా తేబోతున్న మొగుడైపోయాడు. లెస్పార్‌ను నిలదీశాను. "నేను మీరు చెప్పిందే గీశానమ్మా. మాటలాయన అలా రాశాడు, జనానికి నవ్వొచ్చింది. మొగుణ్ని చూసి నవ్వమంటే పత్రిక కొనే మొగుళ్లు ఊరుకుంటారా?" అన్నాడు. మాటలాయన్ను అడిగితే ఆయన అసలు నీ కథే వినలేదట. బొమ్మ చూసి తోచింది రాశాడు. ఎవరిని పట్టుకోను? తిలాపాపం తలా పిడికెడు.

మాటలు పడ్డ కాగితాలు దొంతరలుగా వచ్చాక గౌనుకు నీలం వేయడం మొదలుపెట్టాను. మా పెద్దామె చూసి కుంచె లాక్కుంది. నమూనా దాటకూడదు. పైగా జనం ఆ పిచ్చిరంగే కావాలంటున్నారట, దాన్ని చూస్తేనే నవ్వొస్తుందట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నీకు చెప్పే ధైర్యం చాలక చలి గురించి రాశాను.

ఒక్క దారి ఉంది, విను. పిల్లను తీసుకుని వచ్చెయ్. చట్టం ఆయన వైపే, నాకు తెలుసు. కావాలంటే పోలీసుల చేత రప్పించుకోవచ్చు. కానీ పెళ్లాన్ని పోలీసులతో లాక్కురప్పించుకునే మొగుడి మీద ఎవరూ జాలిపడరు, ఇప్పుడు ఆయనకు జాలి అలవాటైంది. నాకున్నది ఒక గదే, మంచం వెడల్పే. ఎలోదీకి బుగ్గలు వేయడం నేర్పుతాను. నువ్వు ఎంత కావాలంటే అంత రాసుకో, నా దగ్గర సిరాకు దారం లేదు.

అక్క

*

ఒసేర్, ఫిబ్రవరి 11

అక్కా,

పెన్సిలు ముక్కతో రాస్తున్నాను. అంగుస్తాను ఆయన తీసి దాచేశాడు, దానికీ చరిత్ర వచ్చింది మరి.

వస్తాం. ఉపవాసాల ముందు వచ్చే వేషాల పండగ మర్నాడు, బూడిద బుధవారం పొద్దున. చర్చిలో విభూది పెట్టించుకోవడానికి పిల్లతో వెళ్తున్నానంటే ఎవరూ అడగరు. అక్కడినుంచి నేరుగా పారిస్ బండి ఎక్కుతాం. ఎలోదీకి ఇంకా చెప్పలేదు, ముందే చెబితే దాని ముఖమే చెప్పేస్తుంది. దాని రెండు గౌన్లూ, పెద్దబాతు కథా మూటకట్టి కొట్టు వెనక గదిలో దాచాను. నీ మీద కోపం పోలేదు. అయినా వస్తాం.

జెలీ

*

పారిస్, ఫిబ్రవరి 15

జెలీ,

కోపంతోనే రా. ఎలోదీ కోసం కిటికీ పక్కన చిన్న బల్ల వేశాను. రోజ్ తన పెద్దకూతురి బూట్లు ఇచ్చింది. బుధవారం సాయంత్రం నుంచీ బండి దిగేచోట నిలబడి ఉంటాను, ఏ బండి వచ్చినా చూస్తాను.

అక్క

*

ఒసేర్, మార్చి 4

అక్కా,

ఆ రోజంతా, మర్నాడూ నువ్వు అక్కడ నిలబడే ఉంటావు. తెలుసు. ఇన్నాళ్లు రాయలేకపోయాను.

పండగ నాడు వేషాలు మా వీధినుంచే వెళ్తాయి. ఎలోదీ, నేను మేడ మీది కిటికీలోంచి చూస్తున్నాం. బ్యాండు మేళం, ఎలుగుబంటి వేషం, తర్వాత వాళ్లు. కుర్రాళ్లు, చాకలివీధి వాళ్లూ, వకీలు గారి అబ్బాయిలూ. గుండెల మీద దిళ్లు కట్టుకున్నారు, చెవుల వెనక ఈకల కలాలు పెట్టుకున్నారు. అందరూ నా గౌన్లు వేసుకున్నారు. మూడేళ్లుగా అమ్ముడుపోని తాను ఒక్క వారంలో చెల్లిపోయింది అక్కా, ఆయనే గజం కొలిచి కత్తిరించి ఇచ్చాడు. కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తూ మంచి మనసున్నవాడిలా తలూపుతున్నాడు.

వాళ్ల వెనకాల కసాయికొట్టు మనిషి ఒకడు, గడ్డం మీసాలతో పిల్లగౌను వేసుకుని రెండు జడలు అతికించుకున్నాడు. చేతిలో పెద్ద బకెట్టు, దాని చుట్టూ అంగుస్తానుకున్నట్టు చుక్కలు చుక్కలుగా గుంటలు కొట్టారు. "పాలు తల్లీ పాలు" అని వాడు ఏడుస్తూ పోతుంటే జనం బకెట్టులో సారా పోస్తున్నారు. మా కిటికీ కిందికి వచ్చి తలెత్తి మరీ ఏడ్చాడు. వీధి వీధంతా పైకి చూసింది. ఎలోదీ కూడా నవ్వింది. అందరితో పాటు నవ్వింది, తర్వాత నా ముఖం చూసి ఆపేసింది.

బుధవారం పొద్దున మూట పైకి తెచ్చి, పిల్లకు బట్టలు వేసి, బూట్లు బిగించి, అప్పుడు చెప్పాను. పెద్దమ్మ దగ్గరికి వెళ్లిపోతున్నాం అని.

"బొమ్మలకు రంగులేసే పెద్దమ్మేనా?"

"అవునమ్మా."

"నేను రాను."

బతిమాలాను. బండికి వేళవుతోందని చెప్పాను. చెయ్యి పట్టుకుని లాగాను కూడా. గొళ్లెం పట్టుకుని వేలాడింది. "నేను పాలన్నాననే కదమ్మా అందరూ నవ్వుతున్నారు? నన్ను చూస్తే వాళ్లకు అదే గుర్తొస్తుంది. నిన్ను చూస్తే అదే గుర్తొస్తుంది. మనిద్దరం ఒకచోట ఉంటే ఇంకా నవ్వుతారు" అంది. అది తొమ్మిదేళ్ల పిల్ల అక్కా. ఇంత ఎప్పుడు ఆలోచించుకుందో నాకు తెలియదు.

మెట్లు దిగి కొట్లోకి పోయింది. వెనకాలే పరుగెత్తాను. "నాన్నా, ఈస్టరు దాకా వద్దు. ఇప్పుడే పంపించు" అంటోంది. ఆయన నా చేతిలో మూట చూశాడు. నేరుగా వచ్చి మూట అందుకుని, "అవి చాలవు, ఉన్ని మేజోళ్లు కూడా పెట్టు" అన్నాడు.

శనివారం వెళ్లిపోయింది. బండి ఎక్కేముందు నన్ను ముద్దు పెట్టుకోమంటే అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరని చూసుకుని పెట్టింది.

నేను ఒక్కదాన్నే రావడం ఎందుకు? నిలబడి నిలబడి నీ కాళ్లు నొప్పి పుట్టి ఉంటాయి. వేడినీళ్లలో పెట్టుకో.

జెలీ

*

పారిస్, ఏప్రిల్ 14

జెలీ,

మూడు ఉత్తరాలు రాశాను, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ బొమ్మ గీసిన రాతిపలక నిన్న అరగదీసేశారు. ఇసుకా నీళ్లూ పోసి రుద్దితే నీ ముక్కూ మీ ఆయన బొజ్జా అన్నీ బురదై కారిపోయాయి. నిలబడి చూశాను. ఆ రాతి మీద ఇవాళ మరో బొమ్మ ఎక్కుతోంది, విడాకులడిగే ఆడవాళ్ల మీద. కాగితాలు మాత్రం ఎవరి గోడల మీద అవి ఉంటాయి, వాటిని ఏ ఇసుకా అరగదీయదు.

గౌన్లు వేయడం మానేశాను. ఆకాశాలిమ్మని అడిగి తీసుకున్నాను. నన్ను తిట్టు, శపించు, కానీ రాయి. నువ్వు బొగ్గుతో రాసినా చదువుకుంటాను.

అక్క

*

ఒసేర్, జూన్ 20

అక్కా,

తిట్టాలని కూచుంటే తిట్లు రావడం లేదు. నువ్వు రంగు వేసిందీ ప్రేమతోనే, పిల్ల అబద్ధమాడిందీ ప్రేమతోనే. నేనెవరిని తిట్టను?

ఎలోదీ నుంచి మొన్న మొదటి ఉత్తరం వచ్చింది. మఠంలో పిల్లలందరికీ ఒకే ఉత్తరం పలక మీద రాసి ఇస్తారట, చూసి దించుతారు. "పూజ్యులైన తల్లిదండ్రులకు, నేను క్షేమం. సిస్టర్ల దయవల్ల రోజూ నా తప్పులు దిద్దుకుంటున్నాను." చేతిరాత మారిపోయింది. నేను నేర్పిన గుండ్రటి అక్షరాలు పోయి, అన్నీ ఒకపక్కకు వాలిపోయాయి. నా బిడ్డ రాసిందని కింద సంతకం చూస్తే గానీ తెలియలేదు.

అన్నిటికంటే కింద, అంచున, పాత అక్షరాలతో చిన్నగా రెండు వాక్యాలున్నాయి. "అమ్మా, ఇక్కడ ఇంటి ఉత్తరాలు అందరి ముందూ చదువుతారు. నువ్వు రాయొద్దు, నాన్నని రాయమను."

ఆయన కూడా చదివాడు. కాగితం మడిచి నా ముందు పెట్టాడు. గొలుసు నుంచి తాళంచెవి తీసి అలమర తెరిచి, సిరాబుడ్డి తెచ్చి భోజనాల బల్ల మీద, ఆ బొమ్మ కింద పెట్టాడు. నా కత్తెర తీసుకుని ఎర్రదారం కత్తిరించేశాడు. తర్వాత కూచుని పిల్లకు జవాబు రాశాడు. నాలుగు ముక్కలు. "అమ్మ కులాసా" అని కూడా రాశాడు. అలమర మళ్లీ మూయలేదు. "ఇక దీనికి తాళమెందుకులే" అన్నాడు.

ఇది ఆ సిరాతోనే రాస్తున్నాను. ఆయన పక్కనే పత్రిక చూసుకుంటున్నాడు. ఎవరికని అడిగితే అక్కకన్నాను. "రాసుకో. నేను అడిగానని కూడా రాయి" అన్నాడు. అడిగాడు.

ఏం రాయాలో తోచడం లేదక్కా. బుడ్డి నిండుగా ఉంది.

జెలీ